గండికోట లోయను నీటిరంగుల్లో వేయడం ఎలా?

ఫోటోలు తీసుకొచ్చి, ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని, ఫోన్ చూస్తూ వేసే బొమ్మల సంగతి కాదిది. ఫోన్ కెమెరా నీడల్ని నల్లటి ముద్ద చేస్తుంది, ఆకాశాన్ని వెలవెలబోయేలా చేస్తుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న రంగుల కోసమే కదా మనం బ్రష్ పట్టుకునేది. కాబట్టి బొమ్మ అక్కడే కూర్చుని వేయాలి. 1786 నుంచి 1793 దాకా మన దేశమంతా తిరిగిన ఆంగ్ల చిత్రకారుడు థామస్ డేనియల్, ఆయన సోదరుడి కొడుకు విలియం కూడా ముందు స్కెచ్‌లు ఆయా చోట్లే గీసుకున్నారు, అచ్చు పని తర్వాత లండన్‌లో చేసుకున్నారు.

గండికోట ఎందుకంటే, నీటిరంగులు నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు మన దగ్గర తక్కువ. జమ్మలమడుగు దాటి కోటలోకి వెళ్లి, మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు చూసుకుని లోయ వైపు నడిస్తే, పెన్నా కోసుకుపోయిన ఎర్రరాతి గోడలు ఎదురవుతాయి. పెద్ద ఆకారాలు, తక్కువ రంగులు. పొద్దున్నే గానీ, ఎండ వాలాక గానీ వెళ్లండి. మిట్టమధ్యాహ్నం నీడలు పోయి లోయకు లోతే ఉండదు. అంచుకు దూరంగా, నీడ ఉన్నచోట కూర్చోండి.

సామాను గురించి ఎక్కువ చెప్పను. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందం) కాటన్ పేపర్, దాన్ని అంటించడానికి అట్ట, మాస్కింగ్ టేప్, 12 నంబరు, 6 నంబరు రౌండ్ బ్రష్‌లు, రెండు నీళ్ల డబ్బాలు, పాత బనియన్ గుడ్డ. రంగులు నాలుగే: అల్ట్రామెరైన్ బ్లూ, బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ), యెల్లో ఓకర్ (మట్టి పసుపు), అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు). ఇరవై నాలుగు రంగుల పెట్టె కొనకండి. నలుపు ట్యూబు ఉంటే ఇంట్లోనే వదిలేయండి. అల్ట్రామెరైన్‌లో బర్న్‌ట్ సియెన్నా కలిపితే వచ్చే ముదురు బూడిద రంగు ముందు ఆ నలుపు బొగ్గులా ఉంటుంది. తెలుపు ట్యూబు కూడా అక్కర్లేదు. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే. పెన్నా నీళ్ల మీద మెరుపు కావాలంటే ఆ చోటు ముట్టుకోకుండా వదిలేయాలి.

పేపర్‌ను నాలుగు వైపులా టేప్‌తో అంటించి, పెన్సిల్‌తో తేలిగ్గా ఆకాశం గీత, గోడల అంచులు, నది వంపు గీయండి. రాళ్ల పగుళ్లన్నీ గీస్తూ కూర్చోవద్దు. ఐదు నిమిషాలు చాలు.

ఇక అసలు పని: ఆకాశం వాష్, అంటే నీళ్లు కలిపిన పలచటి రంగును ఆకాశమంతా పరవడం. బొమ్మలు పాడయ్యేది ఇక్కడే, చూసి చూసి విసుగొచ్చింది. అట్ట పైఅంచు కింద చిన్న రాయి పెట్టి కొంచెం ఏటవాలు చేయండి. పాలెట్‌లో (రంగులు కలుపుకునే పళ్లెంలో) రంగు ముందే, అవసరమనుకున్నదానికి రెట్టింపు కలుపుకోండి, మధ్యలో కలుపుకుంటూ కూర్చుంటే గీత పడిపోతుంది. 12 నంబరు బ్రష్ నిండా రంగు తీసుకుని పైనుంచి అడ్డంగా ఒక వరస లాగండి. వరస కింది అంచున రంగునీళ్లు చిన్న గట్టులా నిలుస్తాయి. తర్వాతి వరస ఆ గట్టును తాకుతూ లాగండి. కిందికి వచ్చేకొద్దీ నీళ్లు పెంచితే ఆకాశం అంచున పలచబడుతుంది. చివరి వరస కింద మిగిలిన ఆ గట్టును బ్రష్ పిండి, దాని మొనతో పీల్చేయాలి. అది మానేస్తే ఆ నీరు వెనక్కి పాకి, ఆరుతున్న రంగును అంచుల వైపు నెట్టి, గోబీపువ్వులాంటి మచ్చ తెస్తుంది.

వాష్ పూర్తయ్యాక చేయి కట్టేసుకోండి. నిజంగానే. తడి మూడు రకాలు. కాగితం అద్దంలా మెరుస్తుంటే ఇంకా రంగు వేయొచ్చు, అది పాకుతుంది. మెరుపు మందగించాక మాత్రం జాగ్రత్త: బ్రష్‌లో నీళ్లు కాగితంలో ఉన్నవాటికంటే తక్కువ ఉండాలి. అంటే చిక్కటి రంగు, గుడ్డకు అద్దిన బ్రష్. దూరపు కొండల మెత్తటి అంచులు వేయడానికి సరైన సమయం ఇదే. ఆ మెరుపు కూడా పోయి, చూపుకు ఆరినట్టుండి తాకితే చల్లగా ఉండే దశ మూడోది. ఇక్కడే అందరికీ చేయి ఆగదు, ‘కొంచెం సర్దుదాం’ అనుకుంటారు. బ్రష్‌తో ముట్టుకోవద్దు. చేతి వెనకవైపు కాగితానికి ఆనించి చూడండి, చల్లదనం తగిలినంతసేపూ ఆగాల్సిందే. టెన్షన్ పడి ఎండలో పెట్టకండి. ఎండలో ఆరుతూనే గట్టి గీతలు పడతాయి, పైగా ఎండలో కూర్చుని వేసిన బొమ్మ ఇంటికొచ్చాక మసిబారినట్టు కనిపిస్తుంది.

ఇది ఆరేలోపు, పాపికొండల్లో, విశాఖ తీరంలో బొమ్మలు వేసేవాళ్లకు ఒక మాట. అక్కడి గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి ఆరడానికి చాలా సమయం పడుతుంది. రాయలసీమలో వేసవి మొదలైతే దీనికి పూర్తిగా వ్యతిరేకం. వరస లాగేలోపే అంచు గట్టిపడుతుంది. అప్పుడు కాగితాన్ని ముందే శుభ్రమైన నీళ్లతో ఒకసారి తడపండి.

కాగితం పూర్తిగా ఆరాక గోడలు. ముందు యెల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా కలిపి వెలుగు పడే రాయి మొత్తానికి ఒకే వాష్. అది ఆరాక నీడలు, అల్ట్రామెరైన్ ఎక్కువ, సియెన్నా తక్కువ, ఒక్క చుక్క క్రిమ్సన్. చివరగా 6 నంబరుతో ముదురు పగుళ్లు, అవీ కొన్నే. తడిలో కనిపించిన రంగు ఆరాక ఒక మెట్టు తేలిపోతుంది, కాబట్టి నీడలు ధైర్యంగా వేయండి.

పాస్టెల్స్‌తో, అంటే సుద్దముక్కల్లాంటి రంగు కడ్డీలతో వేయొచ్చా అని అడుగుతారు. వేయొచ్చు, ఇంట్లో. లోయ అంచున గాలికి పొడి రాలిపోతుంది, పొడిని పట్టి ఉంచే ఫిక్సేటివ్ స్ప్రే కొట్టకపోతే బ్యాగు తీసేసరికి సగం బొమ్మ పక్క పేజీకి అంటుకుని ఉంటుంది. మొజాయిక్ చేసేవాళ్లకు మాత్రం ఈ నీటిరంగు బొమ్మే మంచి నమూనా. ఎరుపు, గోధుమ, బూడిద టైలు ముక్కలు ఎక్కడ పెట్టాలో ఇందులో ముందే తెలిసిపోతుంది.

టేప్ తీయడం ఇంటికెళ్లాకే. బొమ్మ వైపుకు కాదు, బయటివైపుకు ఏటవాలుగా, మెల్లగా లాగండి. పేపర్ చిరుగుతుంటే ఆపి, టేప్ మీద హెయిర్ డ్రయర్ వేడి కాసేపు తగిలించి మళ్లీ లాగండి.