జపాన్ కొండల్లో శాకాహార భోజనం కావాలంటే కోయసాన్

జపాన్ పల్లెల వైపు వెళ్లే శాకాహారులకు ఒక మాట. అక్కడ ఉత్త కూరగాయల వంటకంలోనూ తరచుగా ‘దాషీ’ ఉంటుంది, అంటే చాలాచోట్ల ఎండు చేపతో కాచిన రసం. అది కంటికి కనిపించదు. అందుకే వాకయామా కొండల్లోని కోయసాన్‌లో ఒక రాత్రి బౌద్ధాలయంలోనే బస చేయండి. కుకాయ్ అనే సన్యాసి తొమ్మిదో శతాబ్దంలో నెలకొల్పిన క్షేత్రమిది.

ఆలయాల్లో వడ్డించే ‘షోజిన్ ర్యోరి’లో మాంసం, చేప ఉండవు. సంప్రదాయం ప్రకారం ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. రసం కొంబు అనే సముద్రపు నాచుతో, ఎండు పుట్టగొడుగులతో కాస్తారు. గోమాదోఫు మాత్రం తప్పక రుచి చూడాలి. నువ్వులు మెత్తగా నూరి, కుజు దుంప పిండితో కలిపి, చిక్కబడేదాకా ఆపకుండా కలియబెడుతూ చేస్తారు. పళ్లెం కదిపితే వణుకుతుంది, నోట్లో వేసుకుంటే వెన్నలా జారిపోతుంది. పైన కాసింత వసాబి, అంటే ముక్కుకెక్కే ఘాటున్న ఆకుపచ్చ ముద్ద. ఎంత కమ్మగా ఉంటుందో!

ఒసాకాలోని నంబా నుంచి నన్కాయ్ రైలులో గోకురాకుబాషి చేరి, కేబుల్ కారెక్కాలి. రాత్రి భోజనం ఆరింటికల్లా పెట్టేస్తారు కాబట్టి సాయంత్రం నాలుగైదు గంటలకల్లా చేరుకోండి. తెల్లవారుజామున జరిగే ప్రార్థనకు అతిథులనూ రానిస్తారు, తప్పకుండా వెళ్లండి.