నది సముద్రంలో కలిసేచోట ఉప్పు కొలవడం ఎలా?

పైపైన ఒక మగ్గు నీళ్లు ముంచి చూసేస్తే మోసపోతారు, ఎందుకంటే ఉప్పునీరు బరువు, చాలా నదుల్లో అది మంచినీటి అడుగునుంచే లోపలికి పాకుతుంది. సీసాకు బరువు కట్టి, బిరడాకు వేరే తాడు కట్టండి. అడుగుకు చేరాక ఆ తాడు లాగితే అక్కడి నీరే నిండుతుంది. పైనీరు ఇంకో సీసాలో. రిఫ్రాక్టోమీటర్‌కి (నీటిలో కాంతి ఎంత వంగుతుందో చూసి ఉప్పు ఎంతుందో చెప్పే పరికరం) చుక్క చాలు: సముద్రపు నీరు కిలోకు సుమారు 35 గ్రాములు చూపిస్తుంది, నదినీరు దాదాపు సున్నా. పోటుకోసారి (సముద్రం పొంగినప్పుడు), పాటుకోసారి (తగ్గినప్పుడు) తీయండి, టైమ్ రాయకపోతే ఆ అంకెలు దండగ. నీరు మరీ బురదగా ఉన్నచోటు అస్సలు వదలొద్దు (నాకిష్టమైన భాగం ఇదే), ఎందుకంటే అక్కడ ఉప్పు తగిలాక బంకమట్టి రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకోవడం తగ్గి, ముద్దకట్టి కిందికి దిగుతుంటే అడుగు ప్రవాహం వాటిని మళ్లీ ఎగువకు తోస్తుంటుంది.