తిరుమల కొండల మీద శరత్కాల వెన్నెల: చూసే తీరు, చిత్రించే తీరు

శరదృతువులో మనకు రెండు పున్నములు వస్తాయి, ఒకటి ఆశ్వయుజంలో, మరొకటి కార్తికంలో. తిరుపతిలో ఈ రోజులు ఈశాన్య రుతుపవనాల వానలతో కలిసి వస్తాయి కాబట్టి, ఒక్క పౌర్ణమి రాత్రినే నమ్ముకోకుండా చతుర్దశి, పౌర్ణమి, పాడ్యమి మూడు రాత్రులనూ ఇందుకోసం కేటాయించుకోవాలి. వాన వెలిసి మబ్బు విడిపోయిన రాత్రి గాలిలో దుమ్ము ఉండదు, కొండ అంచు కత్తితో కోసినట్టు కనిపిస్తుంది. అలాంటి రాత్రి దొరికితే మిగిలిన పనులన్నీ పక్కన పెట్టడం మంచిది.

చిత్రం వేయదలచినవారికి ఈ మూడింటిలో చతుర్దశి సాయంత్రం ఎక్కువ ఉపయోగపడుతుంది. చంద్రోదయం రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ వస్తుంది. పౌర్ణమినాడు సూర్యుడు అస్తమించే వేళకు, అంటే ఆరు గంటల ప్రాంతంలో ఉదయించే చంద్రుడు, ముందురోజు ఇంకా పగటి వెలుతురు ఉండగానే పైకి వస్తాడు. ఆ వెలుతురులో కొండల రేఖ, చెట్ల గుంపులు, ముందున్న ఇళ్ల కప్పులు పెన్సిలుతో తేలికగా గీసి ఉంచుకుంటే, మరునాడు రాత్రి చేతికి తడుములాట ఉండదు.

ఊళ్లో ఏదైనా ఎత్తైన మిద్దె ఎక్కితే, ఉత్తరాన కొండల వరుస, తూర్పున రేణిగుంట వైపు మైదానం కనిపిస్తాయి. చంద్రుడు మైదానం మీద ఉదయించి కొండలను కుడివైపు నుంచి వెలిగిస్తాడు. అందరూ చంద్రుణ్ణే చూస్తూ ఉండిపోతారు. నేను మాత్రం, బింబం కాస్త పైకి వచ్చాక, ఉత్తరానికి తిరిగి కొండను చూడమంటాను. ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య వెలుగు ఏటవాలుగా పడుతూ ఉంటుంది కాబట్టి లోయలు, చరియలు విడివిడిగా తెలుస్తాయి. అర్ధరాత్రికి చంద్రుడు దాదాపు నడినెత్తికి చేరుతాడు, నీడలు కురచబడతాయి. అది చిత్రానికి అనువైన సమయం కాదు, వెల్లకిలా పడుకొని చూడడానికి మాత్రం అంతకు మించిన సమయం లేదు.

మొదటి అరగంట కుంచె ముట్టుకోకూడదు, ఫోను తెర వైపు చూడకూడదు. కన్ను చీకటికి అలవాటుపడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అలవాటుపడిన కన్ను రంగులను సరిగా పోల్చుకోలేదు, ముందుగా ఎరుపునే పోగొట్టుకుంటుంది. తిరుమల కొండల పైభాగంలోని రాతి గోడలు సాయంత్రపు ఎండలో ఎర్రగా మెరుస్తాయని మనకు తెలుసు, కాని వెన్నెల్లో ఆ ఎరుపు కంటికి అందదు, నీలం కలిసిన బూడిదరంగే అందుతుంది. తెలిసిన రంగును వదులుకోలేక నేను కొన్నేళ్లపాటు ఆ రాతిని ఎర్రమట్టి రంగుతోనే వేశాను. ఆ చిత్రాలన్నీ సాయంత్రాలుగానే మిగిలిపోయాయి, ఒక్కటీ రాత్రి కాలేదు.

వెన్నెలను పిండి ఆరబోసినట్టుందని మన పెద్దలు అన్నారు. చిత్రకారుడు ఆ పోలికను అక్షరాలా తీసుకోవాలి. పిండి మెరవదు, ఎక్కడా గీతలా నిలవదు, పడినచోటల్లా మెత్తగా పరుచుకుంటుంది. కాబట్టి కొండమీది వెలుగు, నీడల మధ్య తేడా మరీ ఎక్కువగా ఉండకూడదు, అంచులు తడిమీదే కలిసిపోవాలి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) నీటిరంగుల కాగితాన్ని టేపుతో పలకకు అతికించి, స్పాంజితో తడిపి, ఇండిగో అనే ముదురు నీలంలో కొద్దిగా బర్న్‌ట్ సియెనా (ఎరుపు కలిసిన గోధుమరంగు) కలిపిన పలుచని రంగును పైనుంచి కిందికి దించాలి. నల్లరంగు అసలు వాడవద్దని నా సలహా. పున్నమి ఆకాశం నల్లగా ఉండదు, చంద్రుడి చుట్టూ మరింత పలచబడి ఉంటుంది.

చంద్రుణ్ణి తెల్లరంగుతో వేయకూడదు. శ్రీకాళహస్తి కలంకారీలో తెలుపును పూయరు, రంగు తాకని గుడ్డే అక్కడ తెలుపు. మన పక్కనే ఉన్న ఆ పనితనం నుంచి నేర్చుకోవలసింది ఇదే: బింబం ఉన్నచోట కాగితాన్ని వదిలేసి, చుట్టూ ఉన్న రంగుతోనే దానికి వెలుగు తేవాలి. ఉదయించేటప్పటి చంద్రుడైతే ఆ తెలుపు మీద పలుచని పసుపు, నారింజ కలిపి ఒక్క పూత చాలు.

పరిమాణం విషయంలో కన్ను మనల్ని మోసగిస్తుంది. చెయ్యి చాచి పట్టుకుంటే చిటికెన వేలి గోరు చంద్రుణ్ణి పూర్తిగా కప్పేస్తుంది, దిగంతం దగ్గర ఎంత పెద్దగా తోచినా సరే. బింబం వెడల్పు అర డిగ్రీయే. 40 డిగ్రీల దృశ్యాన్ని 30 సెంటీమీటర్ల కాగితం మీదికి తెస్తే చంద్రుడికి దక్కేది నాలుగు మిల్లీమీటర్ల కంటే తక్కువ. కంటికి కలిగిన అనుభూతి కోసం ఏడెనిమిది మిల్లీమీటర్ల దాకా పెంచవచ్చు, అంతకు మించితే కొండ చిన్నబోతుంది. చంద్రుడిలోని కుందేలు కూడా ఉదయించేటప్పుడు ఒక వాలులో, నడినెత్తిన మరొక వాలులో కనిపిస్తుంది కాబట్టి, చిత్రిస్తున్న వేళకు ఎలా ఉందో చూసి గుర్తు పెట్టుకోవాలి.

అలిపిరి దారిలో గాలిగోపురం మీద వెలిగే తిరునామం, శంఖుచక్రాలు, ఘాట్ రోడ్డు దీపాలు చివరగా, చాలా పొదుపుగా వేయాలి. వాటి వెచ్చని రంగు పక్కనే వెన్నెల చల్లదనం తెలుస్తుంది.

రంగులను పగలే కలిపి మూతలున్న చిన్న డబ్బాల్లో పోసుకొని, ఏది ఎక్కడికో రాసి ఉంచుకోవాలి. ఎర్ర కాగితం చుట్టిన టార్చి కంటిని కాపాడుతుంది గాని, ఆ వెలుగులో రంగుల తేడా తెలియదు. కార్తికంలో మంచు కురుస్తుంది, పూత ఆరడానికి వేసవిలో కంటే చాలా ఎక్కువ సేపు పడుతుంది. ఆరిందో లేదో వేలితో తాకి చూడకుండా, పలకను లోపలికి తెచ్చి చదునుగా ఉంచి, తెల్లవారాక మాత్రమే టేపు తీయాలి.