టెంప్లేట్‌లో ఏ గడి దగ్గర ఆగిపోయారు?

అకౌంటింగ్, ఫైనాన్స్ పరిశోధన మొదలుపెట్టేవాళ్లకి నేను ముందుగా చేతికిచ్చేది ఫైనాన్స్ ప్రొఫెసర్ రాబర్ట్ ఫాఫ్ 2015లో ప్రచురించిన టెంప్లేట్. పరిశోధన ఆలోచనని క్లుప్తంగా రాసి చూపించడానికి గడులున్న నమూనా అది. రెండు పేజీల్లో సరిపోతుంది. శీర్షిక, ప్రశ్న, ముఖ్యమైన పేపర్లు, ప్రేరణ. తర్వాత ఐడియా, డేటా, టూల్స్ (వాడే పద్ధతులు) అని మూడు. కొత్తేముంది, అయితే ఏంటి అని రెండు. ఆపై కాంట్రిబ్యూషన్ ఒక్కటే. చివర ఇతర విషయాలకో గడి. నింపుతూ మధ్యలో ఆగిపోతే ఆ గడితోనే కుస్తీ పట్టకండి. తప్పు చాలాసార్లు పైగడిలో ఉంటుంది.

సమస్య: ‘అయితే ఏంటి’ దగ్గర చెయ్యి ఆడదు.
కారణం: ప్రశ్న గడిలో ఉన్నది ప్రశ్న కాదు. ‘కార్పొరేట్ గవర్నెన్స్ ప్రభావం’ అనేది అంశం మాత్రమే.
పరిష్కారం: ప్రశ్నార్థకంతో ముగిసేలా తిరగరాయండి. ‘ఆడిట్ కమిటీలో అకౌంటింగ్ తెలిసినవాళ్లుంటే లాభాల అంకెల్ని సర్దడం తగ్గుతుందా?’ ఇలా రాస్తే జవాబు ఎవరికి కావాలో తెలిసిపోతుంది: మదుపరులకి, ఆడిటర్లకి, నియంత్రణ సంస్థలకి.

సమస్య: ‘కొత్తేముంది’లో ‘ఈ దేశంలో ఎవరూ చేయలేదు’ అని తప్ప ఇంకేం లేదు.
కారణం: ముఖ్యమైన పేపర్లను చదవకుండా పేరు చూసి ఎంచుకున్నారు.
పరిష్కారం: మూడింటికి మించకుండా పెట్టుకుని పూర్తిగా చదవండి. మీ దేశంలోని ఏ నియమం వల్ల ఆ పేపర్ల ఫలితం మారాలో ఒక్క వాక్యంలో చెప్పలేకపోతే ఐడియా ఇంకా పండలేదు.

సమస్య: డేటా ఉంది, పద్ధతి ఉంది, రెండూ అతకవు.
కారణం: రెండు గడుల్నీ విడివిడిగా నింపారు. యూరోపియన్ యూనియన్‌లో 2005 నుంచి ఐఎఫ్ఆర్ఎస్ (అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాలు) తప్పనిసరి కావడాన్నే తీసుకోండి. డేటాలో యూనియన్‌లోని లిస్టెడ్ కంపెనీలే ఉన్నాయి, టూల్స్‌లో ‘డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్’ అని రాశారు. అంటే మార్పు వచ్చిన గుంపుని, రాని గుంపుతో ముందూ తర్వాతా పోల్చే పద్ధతి. ఆ కంపెనీల్లో చాలావరకు ఒకేసారి మారాయి కదా, ఇక దేనితో పోల్చుతారు?
పరిష్కారం: డేటా గడిలోనే పోలిక గుంపుని పేరుపెట్టి రాయండి. జర్మనీలో ముందే స్వచ్ఛందంగా మారిన కంపెనీలు కావచ్చు, ఆ ఏడాది మారని దేశాలవి కావచ్చు. ముందే మారినవి తమంతట తాము మారాయి కాబట్టి అవి మొదటినుంచీ వేరే రకం అయ్యుండొచ్చు. ఆ ఇబ్బందిని టూల్స్ గడిలో ఒప్పుకోండి. నా దృష్టిలో టెంప్లేట్ మొత్తంలో ఎక్కువసేపు కూర్చోవాల్సిన చోటు ఇదే.

సమస్య: డేటా గడిలో డేటాబేస్ పేరొక్కటే ఉంది.
పరిష్కారం: ఏ సంవత్సరాలు, ఎన్ని కంపెనీలు, బ్యాంకుల్ని కలుపుతున్నారా లేదా రాయండి. మధ్యలో డీలిస్ట్ అయినవి (స్టాక్ ఎక్స్ఛేంజ్ నుంచి తప్పుకున్నవి) ఉన్నాయో లేదో కూడా చూడండి. నిలబడ్డ కంపెనీలే మిగిలితే సగటు లాభం ఉన్నదానికంటే బాగా కనిపించే ప్రమాదం ఉంది.