బీపీ క్యాంపులో అంకెలు తేడాగా వస్తున్నాయా? ముందు కుర్చీ చూడండి

సమస్య: వచ్చినవాళ్లలో చాలామందికి బీపీ ఎక్కువే చూపిస్తోంది.

కారణం: మిషన్‌ని తిట్టుకుంటాం గానీ, తప్పు ఎక్కువగా మన హడావుడిదే. అంతసేపూ లైన్లో నిలబడ్డ మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, చొక్కా చెయ్యి పైకి లాగి, పేరు, వయసు అడుగుతూనే బటన్ నొక్కేస్తాం. వీపుకి ఆసరా లేదు, చెయ్యి వేలాడుతోంది, నోరు ఆడుతోంది. ఇవన్నీ అంకెను పెంచేవే. చెయ్యి గుండె కన్నా 10 సెంటీమీటర్లు కిందికి ఉంటే చాలు, 7–8 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. లావు చేతికి చిన్న పట్టీ చుట్టినా అంతే.

పరిష్కారం: వివరాలు రాసుకునే బల్ల వేరే పెట్టండి. వీపు ఆనే కుర్చీలో 5 నిమిషాలు ఊరికే కూర్చోనివ్వండి. కాళ్లు నేల మీద, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున ఉండాలి. పట్టీ బట్ట మీద కాదు, ఒంటి మీద. కాఫీ, సిగరెట్ అయితే అరగంట ఆగాలి. బాత్రూమ్‌కి వెళ్లాలా అని మీరే అడగండి, మొహమాటానికి వాళ్లు చెప్పరు.

సమస్య: మొదట 152, తర్వాత 138. ఏది రాయాలి?

పరిష్కారం: తగ్గిన అంకె రాసి పంపేయాలనిపిస్తుంది, ఆ పని చేయకండి. నిమిషం ఆగి మూడోసారి చూసి, చివరి రెండింటి సగటు రాయండి.

సమస్య: మిషన్ ఎర్రర్ చూపిస్తోంది.

కారణం: చెయ్యి కదిలింది, పట్టీ వదులైంది, లేదా ట్యూబు మడత పడింది. సరిచేసినా అదే వస్తే నాడి పట్టి చూడండి. కొట్టుకోవడం క్రమం తప్పితే ఇలాంటి మిషన్లు తడబడతాయి. అప్పుడు డాక్టరు స్టెతస్కోపుతో చూడాల్సిందే.

సమస్య: 140/90 దాటింది. "నాకు తలనొప్పి కూడా రాదే" అంటున్నారు.

కారణం: బీపీ చాలామందిలో ఏ లక్షణమూ చూపించదు. 2019 లెక్కల్లో ప్రపంచం మొత్తం మీద 30–79 ఏళ్లవాళ్లలో దాదాపు 128 కోట్ల మందికి బీపీ ఉంది. వాళ్లలో సగానికి దగ్గరగా ఆ సంగతే తెలియనివాళ్లు.

పరిష్కారం: వాదించకండి, ఒక్క రోజు రీడింగ్‌తో "మీకు బీపీ ఉంది" అని తేల్చేయనూ వద్దు. అంకెలు, తేదీ, ఏ చెయ్యి అన్నది చీటీ మీద రాసిచ్చి, మరో రోజు డాక్టరు దగ్గర మళ్లీ చూపించుకోమనండి. ఇంట్లో చూసుకునేవాళ్లకు హద్దు 135/85. అయితే 180/120 దాటి, ఛాతీనొప్పో ఆయాసమో మాట తడబాటో ఉంటే చీటీలు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి పంపండి.

సమస్య: 124/78 చూసి "ఇక మాత్ర మానేస్తా" అంటున్నారు.

కారణం: ఫారంలో మందుల గడి లేదు. ఆ 124 మాత్ర పుణ్యమేనని చెప్పాలంటే, ఆయన మాత్ర వేసుకుంటున్నట్టు ముందు మనకు తెలియాలిగా!

పరిష్కారం: వయసు పక్కనే "బీపీ మాత్ర వాడుతున్నారా?" అన్న గడి పెట్టండి.