మార్కెట్ మారుతున్నప్పుడు ఇల్లు అమ్మేవాళ్లకి: ధర ఎలా కట్టాలి, ఎప్పుడు దించాలి

ఇల్లు అమ్మాలనుకోగానే అందరూ అడిగేది ఒకటే: "మన చుట్టుపక్కల ఈమధ్య ఎంతకి పోయాయి?" ధరలు నిలకడగా ఉంటే ఆ ఒక్క ప్రశ్న చాలు. ధరలు కదులుతున్నప్పుడు మాత్రం అదే కొంప ముంచుతుంది. ఎందుకంటే ఇవాళ రిజిస్టరైన ధర ఇవాళ కుదిరిన బేరం కాదు. బేరం కుదిరాక పత్రాలు చూడాలి, బ్యాంకు లోన్ రావాలి, ఆ తర్వాతే రిజిస్ట్రేషన్. అంటే మీరు చూస్తున్న ధర రెండు మూడు నెలల కిందటిది. మీ ఇంటికి బేరం కుదరడానికి ఇంకో ఏడెనిమిది వారాలు పడుతుంది. ఆ బేరానికీ మీ బేరానికీ మధ్య నాలుగైదు నెలల దూరం ఉంది. ఆ దూరాన్ని లెక్కలోకి తెచ్చుకోకుండా ధర పెట్టకండి.

గాలి ఎటు వీస్తోంది

అమ్ముడైన ధరల కంటే ముందు కదిలేవి మూడున్నాయి. అమ్మకానికి ఉన్న ఇళ్ల సంఖ్య, అవి అమ్ముడవడానికి పడుతున్న రోజులు, ధర తగ్గించిన ప్రకటనల సంఖ్య. ఒక నోట్‌బుక్కో స్ప్రెడ్‌షీటో పెట్టుకుని, మీ ఇంటిలాంటివి (విస్తీర్ణంలో 15 శాతం అటూ ఇటూ, అదే ప్రాంతం, దాదాపు అదే వయసు) ఎన్ని ప్రకటనల్లో ఉన్నాయో ప్రతి వారం రాసుకోండి. నాలుగు వారాలు రాస్తే దారి కనిపిస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త: ఒకే ఇంటిని ముగ్గురు ఏజెంట్లు మూడు ప్రకటనలుగా పెడతారు. పాత ప్రకటన తీసేసి కొత్త తేదీతో మళ్లీ పెట్టేవాళ్లూ ఉంటారు. ఫొటోలు పోల్చి చూసి ఒక ఇంటిని ఒక్కసారే లెక్కపెట్టండి.

తర్వాత చిన్న భాగహారం. అమ్మకానికి 36 ఇళ్లున్నాయి, నెలకి సగటున 6 అమ్ముడవుతున్నాయి అనుకోండి. ఉన్నవన్నీ అయిపోవడానికి 6 నెలలు పడుతుంది. ఈ అంకె 5, 6 దగ్గరుంటే తూకం సమంగా ఉన్నట్టు. 4 కంటే తక్కువైతే అమ్మేవాడిది పైచేయి, 7 దాటితే కొనేవాడిది. ఇది వాడుకలో ఉన్న మోటు లెక్క, శాస్త్రం కాదు. అంకె కంటే దాని దిశే ముఖ్యం. మూడు నెలల కిందట 24 ఇళ్లు, నెలకి 8 అమ్మకాలు (అంటే 3 నెలలు) ఉండి ఇప్పుడు 6కి వచ్చిందంటే, పైకి సమంగా కనిపిస్తున్నా మార్కెట్ కిందికి జారుతున్నట్టే.

వడ్డీ రేటు మీద కూడా ఒక కన్నేయండి. 20 ఏళ్ల లోన్ మీద వడ్డీ 7 నుంచి 8.5 శాతానికి పెరిగితే, అదే ఈఎంఐకి వచ్చే లోన్ దాదాపు 11 శాతం తగ్గిపోతుంది. కొనేవాడి జీతం మారలేదు, మీ ఇంటి మీద ఇష్టమూ మారలేదు, కానీ అతని చేతిలోని డబ్బు తగ్గింది. నెల కిందట "ఎంతైనా సరే" అన్నవాళ్లు ఇప్పుడు ఫోన్ ఎత్తకపోవడానికి చాలాసార్లు కారణం ఇంతే.

ధర కట్టడం

మూడు నుంచి అయిదు పోలిక ఇళ్లు (మీ ఇంటిలాంటివి, ఈమధ్య అమ్ముడైనవి) తీసుకోండి. ఎక్కడైనా పనికొచ్చేలా 100 అనే అంకెతో ఒకటి చేసి చూద్దాం. మీ ఇంటిలాంటిది నాలుగు నెలల కిందట 100కి బేరం కుదిరింది. మార్కెట్ నెలకి సుమారు 1 శాతం తగ్గుతోంది, కాబట్టి ఇవాళ్టికి 96. మీ స్నానాలగది పాతది, మార్చడానికయ్యే ఖర్చు కింద 2 తీసేయండి. మీకు అదనంగా ఒక పార్కింగ్ ఉంది, 3 కలపండి. ఇవాళ్టి విలువ 97. అమ్మడానికి రెండు నెలలు పడితే చేతికొచ్చేది 95 దగ్గర. అడగాల్సిన ధర 97. రెండు శాతం బేరానికి వదులుకోవడానికి అన్నమాట.

పోలిక ఇళ్ల విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు, పైకి కనిపించే ధరని నమ్మడం. 100కి అమ్మిన ఇంట్లో ఏసీలు, అలమరలు వదిలేశారేమో, మరమ్మతుల పేరుతో 3 వెనక్కి ఇచ్చారేమో అడగండి. అప్పుడు అసలు ధర 97 కూడా కాకపోవచ్చు.

ఇప్పుడు దీన్నే తిరగేసి చూడండి. "ముందు ఎక్కువ పెడదాం, అవసరమైతే తగ్గిద్దాం" అని 105కి పెట్టారు. రెండు నెలలకి మార్కెట్ 95కి వస్తే మీరు 101కి దించారు. నాలుగో నెలలో మార్కెట్ 93, మీరు 97. ఆరో నెలలో మార్కెట్ 91, మీరు 93. ప్రతిసారీ తగ్గించారు, ప్రతిసారీ వెనకే ఉన్నారు. ఆరు నెలల పాత ప్రకటన చూసినవాడు "ఈ ఇంట్లో ఏదో తేడా ఉంది" అనుకుని 89 అంటాడు. ఈ ఆరు నెలల వడ్డీ, పన్ను, నిర్వహణ కలిపి నెలకి 0.5 చొప్పున ఇంకో 3 పోతుంది. మిగిలేది 86. మొదట్లోనే 97 పెట్టినవాడికి రెండు నెలల ఖర్చు పోనూ 94 వచ్చింది.

ఇది తెలిసి కూడా మనుషులు ధర దించరు, ఎందుకంటే కొన్న ధర మనసులో కూర్చుంటుంది. 1990లలో బోస్టన్ నగరంలోని ఫ్లాట్ల అమ్మకాలని పరిశీలించి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, నష్టానికి అమ్మాల్సి వచ్చినవాళ్లు ఆ నష్టంలో 25 నుంచి 35 శాతం మేర ధర పెంచి అడిగారు. వాళ్ల ఫ్లాట్లు మిగతావాటికంటే నెమ్మదిగా అమ్ముడయ్యాయి. మీరు ఎంతకి కొన్నారన్నది కొనేవాడికి అనవసరం.

ఇంకొక చిన్న విషయం. ఆన్‌లైన్‌లో వెతికేవాళ్లు గుండ్రటి అంకెలతో గీత గీసుకుంటారు. 100 వరకు అని పెట్టుకున్నవాడికి 101 ఇల్లు కనిపించనే కనిపించదు. సరిగ్గా 100 పెడితే "100 వరకు" వెతికేవాడికీ, "100 నుంచి" వెతికేవాడికీ ఇద్దరికీ కనిపిస్తుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

వంటగది మొత్తం మార్చి అమ్మకండి. మీ అభిరుచికి పెట్టిన ఖర్చు పూర్తిగా తిరిగి రాదు, పైగా పడిపోతున్న మార్కెట్‌లో పనికి పట్టే రెండు నెలలే ఒక నష్టం. కొనేవాడిని భయపెట్టేవి మాత్రం ముందే సరిచేయండి: కారే కుళాయి, పట్టని తలుపు, పనిచేయని స్విచ్చు, అన్నిటికంటే ముఖ్యంగా చెమ్మ.

చెమ్మ మరక మీద రంగు పూసి దాచడం చాలామంది చేసే పని. లోపలి తడి, గోడలోని ఉప్పు పైకి వచ్చి రంగు మళ్లీ పొక్కుతుంది, అదీ సరిగ్గా కొనేవాడు రెండోసారి చూడ్డానికి వచ్చినప్పుడు. ముందు తడి ఎక్కడిదో తేల్చండి. సుమారు 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీటుని గోడకి నాలుగు అంచులా గాలి దూరకుండా టేపుతో అంటించి 24 గంటలు వదిలేయండి. షీటు వెనక, గోడవైపు నీటి బిందువులు పడితే తడి గోడలోంచి వస్తోంది. పైపో, పైకప్పో, బయటి గోడ పగులో వెతకాలి. ముందువైపు, గదివైపు పడితే అది గదిలోని ఆవిరి చల్లబడి పట్టింది, గాలి ఆడే ఏర్పాటు చేస్తే సరిపోతుంది. లీకు సరిచేశాక గోడ పూర్తిగా ఆరేదాకా, కొన్ని వారాలైనా సరే, ఆగి అప్పుడు పొక్కులు గీకి, ప్రైమర్ వేసి, రంగు వేయాలి. అంటే ఈ పని ప్రకటనకి కనీసం నెల ముందే మొదలుపెట్టాలి. మరమ్మతు బిల్లు జాగ్రత్తగా ఉంచండి, అడిగితే చూపించవచ్చు. తెలిసిన లోపాన్ని దాస్తే చాలాచోట్ల అమ్మకం అయ్యాక కూడా కేసు మెడకి చుట్టుకుంటుంది.

ఫొటోలు పగటి వెలుతురులో, ఫోన్‌ని నడుము కంటే కాస్త పైన, సుమారు 1.2 మీటర్ల ఎత్తులో నిటారుగా పట్టుకుని తీయండి. 0.5 అని కనిపించే వైడ్ లెన్సు వాడకండి. గది హాల్లా కనిపిస్తుంది, వచ్చి చూసినవాడికి ఇరుకనిపిస్తుంది, బేరం అక్కడే సగం చెడుతుంది.

ఏజెంటు

ముగ్గురిని పిలిచి ధర అడిగితే, అందరికంటే ఎక్కువ చెప్పినవాడి వైపు మనసు లాగుతుంది. ఇల్లు చేతికి రావాలని ఎక్కువ చెప్పి, నెల తర్వాత "తగ్గించక తప్పదు" అనేవాళ్లు ఉంటారు. ధర కాకుండా ఇవి అడగండి: గత ఆరు నెలల్లో ఎన్ని ఇళ్లు తీసుకున్నారు, ఎన్ని అమ్మారు, మొదట అడిగిన ధరకీ అమ్ముడైన ధరకీ తేడా ఎంత, ఎన్ని రోజులు పట్టింది. ఒప్పందం 90 రోజులకి మించి రాయకండి.

మొదటి 21 రోజులు

కొత్త ప్రకటనకి ఉండే ఊపు రెండు మూడు వారాలే. ఇప్పటికే వెతుకుతున్నవాళ్లంతా ఆ రోజుల్లోనే చూసేస్తారు, తర్వాత వచ్చేది కొత్తగా వెతకడం మొదలుపెట్టినవాళ్లు మాత్రమే. అందుకే ప్రకటన పెట్టిన రోజే 21వ రోజు తేదీ క్యాలెండర్‌లో రాసి, ఆ రోజు ఏం చేస్తారో కూడా ముందే ఇంట్లోవాళ్లతో మాట్లాడి రాసి పెట్టండి. తర్వాత కూర్చుంటే మాట కుదరదు.

ఎవరూ చూడ్డానికే రాకపోతే తప్పు ధరలోనో, ఫొటోల్లోనో ఉంది. ఫొటోలు మార్చినా వారంలో కదలిక లేకపోతే ధర 5 శాతం పైనే దించాలి. పది పన్నెండు మంది వచ్చి చూసినా ఒక్కరూ బేరానికి దిగకపోతే ధర 3, 4 శాతం ఎక్కువగా ఉంది. రెండోసారి వచ్చి మరీ వెనక్కి తగ్గుతుంటే సమస్య ఇంట్లో ఉంది. ఫోన్ చేసి "కొనకపోయినా ఫర్వాలేదు, ఏం నచ్చలేదో చెప్పండి" అని అడగండి. ఇద్దరు ముగ్గురు ఒకే మాట చెబితే అదే కారణం. దించేటప్పుడు 1 శాతం చొప్పున నాలుగుసార్లు దించకండి. "ఆగితే ఇంకా దించుతాడు" అని నేర్పినట్టవుతుంది. ఒక్కసారే, కనిపించేలా దించండి.

పెరుగుతున్న మార్కెట్‌లో తప్పు దీనికి సరిగ్గా వ్యతిరేకం: మొదటి రోజు వచ్చిన మొదటి బేరానికి తలూపడం. వారం రోజులు గడువు పెట్టి, ఫలానా రోజుకి అందరూ తమ ధర రాసి ఇవ్వాలని చెప్పండి. ఎక్కువ ధర చెప్పినవాడిని ఒకటి అడగండి: బ్యాంకు వాల్యుయేషన్ (లోన్ ఇచ్చేముందు బ్యాంకు కట్టే ఇంటి విలువ) తక్కువ వస్తే ఆ తేడా ఎక్కడినుంచి తెస్తారు? జవాబు లేకపోతే ఆ ధర కాగితం మీదిదే.

రెండు బేరాలు వస్తే

తగ్గుతున్న మార్కెట్‌లో ఒకరు 95 అంటున్నారు, డబ్బు సిద్ధంగా ఉంది, నెలలో ముగిస్తారు. ఇంకొకరు 98 అంటున్నారు, కానీ వాళ్ల పాత ఇల్లు అమ్ముడవాలి, రెండున్నర నెలలు పడుతుంది. నెల ఖర్చు 0.5 తీసేస్తే మొదటిది 94.5, రెండోది కుదిరితే 96.75. కుదరకపోతే? రెండున్నర నెలలు పోయాయి, మళ్లీ అమ్మడానికి ఇంకో రెండు నెలలు. ఇవాళ్టి 95లోంచి నెలకి 1 చొప్పున మార్కెట్ 4.5 తగ్గింది, ఖర్చు 2.25. మిగిలేది 88.25. ఈ లెక్క ప్రకారం రెండో బేరం నాలుగింట మూడు వంతులు నిలబడుతుందన్న నమ్మకం ఉంటేనే దానివైపు చూడాలి. అది కుదిరినా వచ్చే లాభం రెండు, చెడితే పోయేది ఆరు.

లోన్ మీద కొనేవాడైతే బ్యాంకు ఇచ్చిన ముందస్తు అంగీకారం ఏ తేదీది, ఏ వడ్డీకి లెక్కకట్టింది, ఎప్పటిదాకా చెల్లుతుంది అన్నవి చూడండి. వడ్డీ పెరిగాక పాత కాగితానికి విలువ లేదు. బేరం కుదిరాక కూడా రెండో వ్యక్తికి "వద్దు" అని చెప్పకండి, "ఇది ఏదైనా కారణంతో ఆగితే మొదట మీకే చెబుతాం" అనండి.

అమ్మి మళ్లీ కొనాలంటే

పడిపోతున్న మార్కెట్‌లో ముందు అమ్మి తర్వాత కొనండి, కొన్నాళ్లు అద్దెకి ఉండాల్సి వచ్చినా సరే. పెరుగుతున్నప్పుడు, రెండు ఇళ్ల ఖర్చు కొన్ని నెలలు మోయగలిగితేనే, ముందు కొనవచ్చు. ధర పడిందని బాధపడేముందు మీరు కొనబోయేది చూడండి. 100 ఇల్లు అమ్మి 150 ఇంటికి వెళ్దామనుకున్నారు, చేతినుంచి వేయాల్సింది 50. అన్నీ 10 శాతం పడితే మీది 90, అది 135. వేయాల్సింది 45కి తగ్గింది. చిన్న ఇంటికి మారేవాళ్లకి మాత్రం ఇది తిరగబడుతుంది, వాళ్లు తొందరపడాలి.

అగ్రిమెంటు నుంచి తాళాల దాకా

బ్యాంకు తరఫున వాల్యుయేషన్‌కి వచ్చేవారికి మీ పోలిక ఇళ్ల జాబితా, మరమ్మతు బిల్లులు, ప్లాను ఒక కవరులో పెట్టి ఇవ్వండి. వాదించకండి, కాగితాలు ఇచ్చి ఊరుకోండి. తనిఖీలో ఏదైనా లోపం బయటపడితే పని చేయించి ఇస్తామనే కంటే ఖర్చు ధరలోంచి తగ్గించడమే మేలు. చేయించిన పని బాగాలేదని మళ్లీ పేచీ రాదు. ఇంట్లో వదిలేసేవి, తీసుకెళ్లేవి (ఫ్యాన్లు, గీజరు, కర్టెన్ రాడ్లు) పేరుపేరునా అగ్రిమెంటులో రాయండి. తాళాలు ఇచ్చే రోజున కరెంటు, నీటి మీటర్ల రీడింగు ఫొటో తీసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి.