ఇంగ్లీషు వాక్యంలో తేడా ఎక్కడొస్తోంది? సమస్య - పరిష్కారం

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉద్యోగాలకు సిద్ధమవుతున్నవాళ్ల ఇంగ్లీషులో చాలా తప్పులకు మూలం తెలుగు వాక్యమే. కొన్ని తప్పులు మాత్రం పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లూ చేస్తారు. రెండింటికీ విరుగుడు వేరు.

సమస్య: "ఐ యామ్ లివింగ్ ఇన్ బొబ్బిలి ఫ్రమ్ 2018"

"2018 నుంచి బొబ్బిలిలో ఉంటున్నాను" అనేది తెలుగులో నిక్షేపంలాంటి వాక్యం. "ఉంటున్నాను"కి "యామ్ లివింగ్", "నుంచి"కి "ఫ్రమ్" పెట్టేయడంతో చిక్కొచ్చింది. ఎప్పుడో మొదలై ఇంకా సాగుతున్నదానికి ఇంగ్లీషులో "హావ్ బీన్" కావాలి: "ఐ హావ్ బీన్ లివింగ్ ఇన్ బొబ్బిలి సిన్స్ 2018". సిన్సా, ఫరా అని తడబడితే మిమ్మల్ని మీరే అడగండి. "ఎప్పట్నుంచి?" అన్నదానికి జవాబైతే సిన్స్ (సిన్స్ మండే), "ఎన్నాళ్లుగా?" అన్నదానికైతే ఫర్ (ఫర్ టూ ఇయర్స్). పని ముగిసిపోయి, మొదలూ చివరా రెండూ చెబుతుంటే అప్పుడు "ఫ్రమ్" హాయిగా వాడొచ్చు: "ఐ వర్క్‌డ్ ఇన్ పలాస ఫ్రమ్ 2015 టు 2018".

సమస్య: "డిడ్ నాట్ వెంట్", "వన్ ఆఫ్ మై ఫ్రెండ్"

"డిడ్"లోనే భూతకాలం ఉంది, కాబట్టి "డిడ్ నాట్ గో". రెండోదాంట్లో చాలామందిలో ఒకరు కనుక "ఫ్రెండ్స్" అనాలి. క్రియ మాత్రం ఆ ఒక్కరిది: "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్ ఇన్ రాజాం".

సమస్య: "బిట్వీన్ యూ అండ్ ఐ"

ఇది ఇంగ్లీషువాళ్ల నోట కూడా వినిపిస్తుంది. చిన్నప్పుడు "మి అండ్ హిమ్ వెంట్" అన్నప్పుడల్లా పెద్దలు "హి అండ్ ఐ" అని దిద్దితే, "ఐ" అంటేనే మర్యాదని స్థిరపడిపోతుంది. ఇద్దరినీ కలిపి ఒక్క మాట పెట్టి చూడండి. "బిట్వీన్ అస్" అంటాం, "బిట్వీన్ వి" అనం. "అస్" కుదిరినచోట "మి"యే సరైనది.

"కుడ్ ఆఫ్ డన్" అనేది చెవి చేసే మోసం. "కుడ్ హావ్" కుదించి పలికితే అలా వినిపిస్తుంది. రాతలో "హావ్" తప్పనిసరి.

"లెస్ పీపుల్" తప్పు, "ఫ్యూయర్ పీపుల్" అనాలంటారే, దాని సంగతి వేరు. లెక్కపెట్టగలిగేవాటికి "ఫ్యూయర్" బాగుంటుందని 1770లో ఇంగ్లీషు భాష మీద పుస్తకం రాసిన రాబర్ట్ బేకర్ అందులో తన అభిరుచి చెప్పాడు. తర్వాతివాళ్లు దాన్ని నియమం చేశారు. మాటల్లో ఎవరినీ దిద్దొద్దు. పోటీ పరీక్షలో మాత్రం "ఫ్యూయర్"కే టిక్కు పెట్టండి.